లాడం మడి తవ్విన బొరిగెను

నేను ఒక బొరిగెను. పేరు వినగానే కలుపు తీసే ఇనుప ముక్కే కదా అని పెదవి విరవకండి. మూరెడు పొడవు కూడా లేనన్న మాట నిజమే. చతికిలబడి గుప్పెట్లో పట్టుకుని గడ్డి పీకే పనిముట్టునన్న మాటా నిజమే. కానీ నా పుట్టుక వేరు. రేకు కత్తిరించి రంగు పూసి సంతలో అమ్మే బొరిగెలతో నన్ను జమకడితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఒకప్పుడు జట్కా బండి కమాను పట్టీని. గుర్రం వెనక పరుగెత్తిన ఇనుమును.

కడియానికి దగ్గరలో, కాలవ గట్టు పక్కనున్న ఊరు మాది. నూకరాజు గారి జట్కా కింద కమానుగా ఉన్న రోజుల్లో రోడ్డు మీది గతుకులన్నీ నేనే మింగి, పైన కూర్చున్నవాళ్ళ నడుములు కాపాడేదాన్ని. ఒక్కరైనా వంగి చూసి మెచ్చుకున్న పాపాన పోలేదు. కాస్త కుదుపు తగిలితే మాత్రం కమాను పోయిందంటూ తిట్టిపోసేవారు. మనుషుల తీరే అంత.

ఆటోలు వచ్చాక జట్కా మూలపడింది. అయినా నూకరాజు గారి కొడుకు దొరబాబు గుర్రాలను వదల్లేదు. పెళ్ళి ఊరేగింపుల కోసం ఒక రథం చేయించాడు. దాన్ని లాగడానికి బాద్షా అనే మగగుర్రం. పెళ్ళికొడుకును ఎక్కించుకోవడానికి కస్తూరి అనే తెల్లని ఆడగుర్రం. ఆ ఇంట్లో గుర్రాలు మేత ముట్టందే మనుషులు కంచం ముందు కూర్చునేవారు కాదు. ఇంటికీ గుర్రాల సాలకీ మధ్య పెద్ద ఖాళీ జాగా ఉండేది. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము.

ఆ ఇంటికి కోడలుగా వచ్చింది వీరవేణి. ఆమె పుట్టింటివాళ్ళది కడియంలో పూలమొక్కల నర్సరీ. వచ్చిన కొత్తలోనే మూలపడ్డ జట్కా కింద దూరి, నన్ను చూసి, వేళ్ళతో తట్టి చప్పుడు విని, ఊడదీయించి కమ్మరి కొలిమికి పంపింది. మండుతున్న బొగ్గుల్లో ఎర్రబడి, సమ్మెట దెబ్బలు తిని, చివర పదును తేలి, తుమ్మకర్ర పిడి తొడిగించుకుని బయటికొచ్చాను. ఆ దెబ్బలు ఇప్పటికీ గుర్తున్నాయి. అయినా మళ్ళీ పనిలో పడ్డానన్న సంతోషం ముందు అవెంత?

నూకరాజు గారికి మాత్రం అది రుచించలేదు. "జట్కా కమానుతో గడ్డి పీకుతావా అమ్మాయ్? గుర్రాలున్న ఇంట్లో గడ్డి తినడానికి గానీ సూడ్డానికా?" అన్నాడు.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ చేశారు. పీట మీద కళ్ళెం, జీను, కొరడా, లాడాలు వరసగా పెట్టి పసుపు కుంకుమలు అద్దారు. వీరవేణి నన్ను కడిగి తెచ్చి ఆ వరస చివర పెట్టింది. నూకరాజు గారు నన్ను తీసి పక్కన పెట్టేశాడు.

"ఇయ్యి గుర్రాల సామానమ్మా. మట్టి పిసుక్కునేవన్నీ ఆ సూరు కింద పెట్టుకో."

ఆ కళ్ళెమూ నేనూ ఒకే జట్కాకి ఊడిగం చేశాం. అది పీట మీద కూర్చుని కుంకుమ బొట్టుతో మెరుస్తుంటే నేను చూరు కింద చీపురు పక్కన పడి ఉన్నాను. ఏడవడానికి కళ్ళు లేవు కాబట్టి సరిపోయింది.

మరుసటి ఏడు వానలకి రథం చక్రాలు ఆ ఖాళీ జాగాలో కూరుకుపోయాయి. దొరబాబుకి విసుగొచ్చి జాగా మొత్తం సిమెంటు చేయిస్తానన్నాడు. గేటు పక్కన కంకర కూడా తోలించాడు. వీరవేణి గుండెలో రాయి పడింది. పెళ్ళయిన నాటినుంచీ ఆమె తోటను కలగన్నది ఆ జాగాలోనే. మొగుడితో వాదించి వాదించి ఒక మాట తీసుకుంది. దసరా నాటికి ఆ నేల పచ్చగా కళకళలాడితే రథానికి పక్కనుంచి బాట వేసుకుంటారు. లేదంటే సిమెంటే.

అప్పుడు చూడాలి మా ఇద్దరి పని! నేల చదును చేశాం. రాళ్ళు ఏరాం. అంచుల వెంట మందారాలు, బంతులు నాటాం. మధ్యలో ఆమె నర్సరీ నుంచి తెచ్చిన కార్పెట్ గడ్డి పలకలు పలకలుగా పరిచాం. గుర్రాలు రాకుండా వెదురు దడి కట్టించింది. గడ్డి వేరు పట్టి చిగురేస్తుంటే, గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నా పిడి కూడా చిగురేస్తుందా అనిపించింది.

నూకరాజు గారు సాల ముందు మంచమేసుకుని ఓరకంట చూస్తుండేవాడు. ఒకరోజు ఎవరూ లేరనుకుని చెప్పులు విడిచి గడ్డి మీద నాలుగడుగులు వేశాడు. ఆ సాయంత్రం "దీనికి నీళ్ళు సాలతన్నాయా?" అని కోడల్ని అడిగాడు. ఆమె నవ్వాపుకుని చాలుతున్నాయంది.

ఆమె గుర్రాల లద్దెను పెరట్లో గోతిలో మాగబెడుతుండేది. మాగాక ఎరువు వేద్దామని. పెద్దాయనకి అది తోచలేదు. వీరవేణి పుట్టింటికి వెళ్ళినప్పుడు గోతి కేసి చూసి, "పిచ్చిపిల్ల, బంగారం లాంటి లద్దెని సద్దన్నం సేసి పెడతంది. ఏడేడిగా పెడితే గదా బలం!" అనుకున్నాడు. కోడలు వచ్చేసరికి ఆశ్చర్యపోవాలని సాలలోంచి పచ్చి లద్దె గంపలతో మోసి గడ్డి నడుమంతా పరిచి, నాతోనే అదిమాడు. ఆయన చేతిలో ఎంత మురిపెముందో నా పిడికి తెలుస్తూనే ఉంది. వద్దని అరవాలనుకున్నాను. నోరున్నవాళ్ళ మాటే వినని మనుషులు పిడి ఉన్నదాని మాట వింటారా?

పచ్చి లద్దె వేడికి గడ్డి మాడిపోయింది. వీరవేణి తిరిగొచ్చేసరికి లాన్ నడిమధ్యంతా పసుపు రంగుకి తిరిగి వాసనేస్తోంది. దొరబాబు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఎవరు సేసేరీ పని? మేస్త్రీని పిలిచేత్తాను. ఇంక నాకేం సెప్పకు."

పెద్దాయన సాలలో కస్తూరి వెనక నిలబడి, తోమిన వీపునే మళ్ళీ మళ్ళీ తోముతున్నాడు. ఎండిన లద్దె మీద ఆయన కాలిముద్రలున్నాయి. వీరవేణి వాటిని చూసింది. సాల వైపూ చూసింది.

"ఎరువు కాస్త ఎక్కువైపోయిందండీ. దసరా ఇంకా రాలేదు గదా, ఆగండి," అంది.

అంతే. తోట పోతుందని తెలిసీ మామగారిని మాట పడనివ్వలేదు. అలాంటి చేతిలో పనిముట్టుగా ఉండటం నా అదృష్టం.

మర్నాటి నుంచి మాడిన గడ్డిని గీకడం మా పని. ఇంతలో మంచి వాన కురిసింది. ఎండిన చోటల్లా గుండ్రటి జంట ఆకులు తలెత్తాయి. చూస్తే ఉలవ మొలకలు! కస్తూరివి ముసలి పళ్ళు. పెద్దాయన ముద్దుకొద్దీ పంచె మడతలోంచి పచ్చి ఉలవలు పెడితే అది నమలకుండా మింగేసేది. గింజలు గింజలుగానే లద్దెలో పడ్డాయన్నమాట.

నూకరాజు గారు వచ్చి ఆ మొలకల ముందు కూలబడ్డాడు. "పీకేత్తానమ్మా, అన్నీ నేనే పీకేత్తాను. నా సేతులిరిగిపోను."

"ఆగండి మావయ్యా," అని ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చాలాసేపు మొలకల్ని చూసింది. తర్వాత ఒక పాత లాడం తెమ్మంది. నా మొనతో నేల మీద ఆ ఆకారం పెద్దగా గీయసాగింది. లోపలి ఉలవలు ఉంచేద్దాం, బయటివి తీసి గడ్డి అతుకుదాం అంది.

పెద్దాయన కాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. "అలా కాదమ్మాయ్. అది ఎనక గిట్ట లాడం లాగుంది. ముందు గిట్టకి గుండ్రం ఎక్కువుండాల. ఇలా తే." నన్ను తీసుకుని ఒక్క ఊపులో గీశాడు. ఎన్నో ఏళ్ళు లాడాలు వేయించిన చెయ్యి ఊరికే పోతుందా? ఆ గీత వెంట మామా కోడళ్ళిద్దరూ నన్ను చేతులు మార్చుకుంటూ మడి కట్టారు.

దసరా నాటికి లేత పచ్చటి లాన్ మధ్య ముదురాకుపచ్చ ఉలవ లాడం ఒత్తుగా లేచి నిలబడింది. దొరబాబు గేటు దగ్గరే ఆగిపోయాడు. పూజకి అలంకరించిన గుర్రాలను సాలలోంచి బయటికి తెస్తుంటే, కస్తూరి వెదురు దడి మీదుగా మెడ చాచి లాడం కొసను కరకర నమలడం మొదలుపెట్టింది. పెద్దాయన గాభరాగా కళ్ళెం లాగబోయాడు.

"తిననివ్వండి మావయ్యా," అంది వీరవేణి. "అది వేసుకున్న తోటే గదా."

ముందుగా నవ్వింది దొరబాబే. ఆ మధ్యాహ్నమే గేటు పక్క కంకరని రథం బాట కోసం తోట అంచు వెంట పరిచాడు.

ఇప్పుడు కస్తూరి లేదు. ప్రతి ఏడూ ఆ మడిలో ఉలవలు చల్లుతారు. దసరా నాడు దడి తీసి బాద్షాని వదులుతారు. నేను అరిగి సగమయ్యాను. తక్కిన సగం ఆ నేలలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. సాలలో కళ్ళెం పక్కన నాకో మేకు ఉంది. బరువు పనులన్నీ కొత్త బొరిగె చూసుకుంటుంది.

మొన్నటి ఆయుధపూజకి పెళ్ళివారెవరో గుర్రం మాట్లాడుకోవడానికి వచ్చారు. పీట మీద కళ్ళేనికీ జీనుకీ మధ్య బొట్టు పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి, "ఈ తుప్పు బొరిగె ఇక్కడెందుకండీ?" అని అడిగారు.

నూకరాజు గారు నా పిడి మీద బంతిపువ్వు సర్దుతూ అన్నాడు.

"అదాండీ? అదీ గుర్రాల సామానేనండి."