ఎర్ర లైటు వెలిగాక

మునగచెట్టు మొదట్లోనే మేకు దిగ్గొట్టి, దానికి నారింజరంగు రిబ్బను కట్టారు కొలతలవాళ్లు. ఇంకా ఓటింగే కాలేదు కదా అని డాక్టర్ కృష్ణమోహన్ వరండాలోంచి అడిగారు. వాళ్లు తర్వాతి మేకు తీశారు.

ప్రహరీ ఇవతల గిన్నె పట్టుకుని నిలబడిపోయింది మైత్రి. అనూప్‌తో పెళ్లయి మూడు వారాలు. చేతుల గోరింటాకు ఇంకా పోలేదు. అనూప్‌కి మొదటిసారి మునగాకు పప్పు చేసి పెడదామన్న సంబరంతో పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఎరిజోనా ఎడారి అంచున ఆ వీధిలో ఉన్నవి పదకొండు ఇళ్లు. ఆరు తెలుగువాళ్లవి, ఐదు మెక్సికన్లవి. కిందటేడు చనిపోయిన డాక్టరుగారి భార్య కామేశ్వరి నాటిన ఆ చెట్టు అందరిదీ. ఎదురింటి రోసా ఆ ఆకు సూప్‌లో వేస్తుంది. ఇప్పుడు ప్రజావసరం పేరుతో కౌంటీ, అంటే అక్కడి జిల్లా ప్రభుత్వం, ఆ పదకొండు ఇళ్లూ లాక్కుని రోడ్డు వేస్తానంటోంది. రోడ్డు నేరుగా వేస్తే ఒక్క గడపా పోదు. అది వంపు తిరిగి ఒక గోదాము ముందు ఆగుతోంది. ఆ గోదాము కౌంటీ బోర్డు చైర్మన్ గారి బావమరిదిది. రికార్డులు తవ్వి ఆ సంగతి బయటపెట్టింది మైత్రే.

అనూప్ గరాజ్‌లో అందరూ కూడారు. బోర్డు ముందు మాట్లాడాలంటే ముందుగా చీటీ ఇవ్వాలి, మనిషికి మూడు నిమిషాలు. అందరం ఇద్దామంది రోసా. తెలుగువాళ్లు ఒప్పుకోలేదు. డాక్టరుగారంతటి పెద్దాయన ఉండగా తలా ఒక మాట ఏమిటన్నారు. మైత్రికీ అదే మర్యాదనిపించింది. ఒక్క చీటీయే వెళ్లింది.

మీటింగ్ రోజు కృష్ణమోహన్ సూటు వేసుకొచ్చారు. చైర్మన్‌కి నమస్కారం చెప్పారు. నలుగురు సభ్యులకూ పేరుపేరునా చెప్పారు. గుమాస్తాకి, తలుపు దగ్గరి పోలీసుకి కూడా. ముప్పై ఎనిమిదేళ్లు తనచేత వైద్యం చేయించుకున్న ఊరికి కృతజ్ఞతలు చెప్పారు. "ఇక అసలు విషయానికొస్తే" అన్నారు. మూడు నిమిషాలూ అయిపోయాయని ఎర్ర లైటు వెలిగింది. మైకు ఆగిపోయింది.

చైర్మన్ నవ్వాడు. చాలా చక్కగా మాట్లాడారు డాక్టర్, ఇంకెవరి చీటీలూ లేవు కనుక ఓటింగ్‌కి వెళ్దామన్నాడు.

కృష్ణమోహన్ ప్రశ్నలు రాసుకున్న కాగితం మైత్రి వైపు చాచారు. "ఒక్క ముక్క అడగలేకపోయాను తల్లీ."

 మైత్రి కాగితం అందుకుని లేచింది.

"గోదాము మీ బావమరిదిదా, కాదా?"

"మేడమ్, మీ చీటీ లేదు."

"మా మూడు నిమిషాలూ మీకు దండాలు పెట్టడానికే సరిపోయాయి. ఇప్పుడు అడుగుతున్నాం. రోడ్డు ఎవరికోసం వంగింది?"

పోలీసు ఆమె చేతులు వెనక్కి విరిచాడు. గోరింటాకు మీద బేడీలు పడ్డాయి. కింద పడిన కాగితం రోసా తీసి తర్వాతి వాక్యం చదివింది. ఆమెనూ లాక్కెళితే అనూప్ ఆ తర్వాతిది. ఆ గోలలోనే ఐదుగురూ చేతులెత్తారు. తీర్మానం గెలిచింది. పట్టుకెళ్లినవాళ్లను ఆ రాత్రికి వదిలారు.

నెల తిరక్కుండా కోర్టు ఉత్తర్వుతో ఇళ్లు తీసుకున్నారు. చెట్టు కూలిన పూట మైత్రి అనూప్ భుజంలో ముఖం దాచుకుంది. కృష్ణమోహన్ దగ్గరి పట్నం చాండ్లర్‌లో అద్దె ఫ్లాట్‌కి మారారు. కిటికీ తెరిస్తే పార్కింగ్ లాట్. కౌంటీకి మూడు ఉత్తరాలు రాశారు, జవాబు రాలేదు. తర్వాతి మీటింగ్‌కి మైత్రితో చీటీ రాయించుకుని సంతకం పెట్టారు. "ఈసారి దండాలు ఉండవమ్మా" అన్నారు. మూడో రోజు నిద్రలోనే పోయారు.

ఇప్పుడు ఆ రోడ్డును గోదాము దాటించి పక్క ఊళ్లవైపు పొడిగిస్తామంటున్నారు. అక్కడివాళ్లూ వచ్చారు. హాలు చాలక గుమ్మం బయటా నిలబడ్డారు. మైత్రి నూట పన్నెండు చీటీలు గుమాస్తా ముందు పెట్టింది. అన్నింటికన్నా పైన ఆయనది.

గుమాస్తా మొదటి పేరు పిలిచింది. "డాక్టర్ కృష్ణమోహన్."

హాలంతా లేచి నిలబడింది. ఎవరూ నమస్కారం పెట్టలేదు.

"ఇక అసలు విషయానికొస్తే," అంది మైత్రి.