చెన్నయ్యకు కట్టని సద్ది

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒక్కో మాట రాయడానికి చాలాసేపు పడుతుంది. యాభై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నాను.

నేర్పింది మహిత. నారాయణగూడలో కాలేజీలో చదువుతుంది. నేను అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో చపాతీలు చేస్తాను. మధ్యాహ్నం పని అయ్యాక వచ్చి నాతో దిద్దించేది. వాళ్ళ వందన మేడం పరీక్ష పెట్టదట. మాలాంటివాళ్ళకు చదువు చెబుతూ తాము ఏం నేర్చుకున్నారో రోజూ డైరీ రాసి, చివరికి దాన్ని నాటకంగా ఆడాలి. దానికే మార్కులు.

ఒకరోజు మహిత ఒక కాగితం తెచ్చింది. అంతవరకు నన్ను అందరూ వేలిముద్రే అడిగారు. ఈ పిల్ల పెన్ను ఇచ్చింది. ఆ సంబరంలో చదవకుండానే సంతకం పెట్టేశాను.

నాటకం రేపనగా, నాకిచ్చిన నకలు తీసి కూడబలుక్కుని చదివాను. నేను చెప్పినవన్నీ నాటకంలో వాడుకోవచ్చని ఉంది. మా ఆయన చెన్నయ్య కట్టే బిల్డింగు మీద నుంచి పడి చనిపోయిన రోజు, పొద్దున పోట్లాడి నేను సద్ది కట్టలేదు. పొద్దంతా ఏమీ తినకుండా పనిచేశాడు. ఆ సంగతి మహితకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నా కూతురు చంద్రికకూ తెలియదు. నాటకానికి ఆమెను నేనే పిలిచాను.

తెల్లారి ఎన్ని చపాతీలు మాడ్చానో. సగం పని వదిలేసి చిక్కడపల్లి మీదుగా కాలేజీకి గబగబా నడిచాను.

"సద్ది ముచ్చట తియ్యి బిడ్డా. చంద్రిక వస్తున్నది," అన్నాను.

మహిత ముఖం వాడిపోయింది. నాటకమంతా దాని మీదే నడుస్తుందట. వందన మేడం పక్కనే ఉంది. సంతకం సంగతి ఎత్తుతుందనుకున్నాను, ఎత్తలేదు. నేను ఎలా చెబితే అలా మార్చమని మహితతో అంది.

మార్చారు. నాలా చీర కట్టుకున్న మహిత, స్టేజీ మీద అన్నం, పచ్చడి డబ్బాలో సర్ది, మూట కట్టి, చెన్నయ్య చేతికిచ్చింది. నవ్వుతూ సాగనంపింది.

నా పక్కన చంద్రిక కళ్ళు తుడుచుకుంది. "నాయినకు గట్లనే కట్టిస్తుంటివి నువ్వు," అంది.

ఇక కూర్చోలేకపోయాను. ఆమె చెవిలో చెప్పాను, ఆ రోజు కట్టలేదని.

చంద్రిక లేచి బయటికి నడిచింది. వెనకాలే పోయాను. బస్టాపు దగ్గర ఆగి అడిగింది.

"దేనికి కొట్లాడిన్రు?"

జ్ఞాపకం రాలేదు. ఇన్నాళ్ళూ సద్ది గురించే ఆలోచించాను, పోట్లాట ఎందుకు వచ్చిందో మరిచిపోయాను. ఆమె బస్సెక్కింది. ఇప్పటికి పదకొండు రోజులు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

బాలనాగమ్మ, యాభై ఏడేళ్ళు, ప్రస్తుతం ఉండేది నల్లకుంట.