అరవై ఒక్క గంటలు, ఒక్క స్టారు

మిల్లులో అందరూ ఆవిణ్ణి సుద్దమ్మ అనేవాళ్లు. ముప్పై ఒక్కేళ్లలో ఆవిడ చేతిలోంచి సుద్దముక్క జారగా చూసినవాళ్లు లేరు. నేతగదిలోంచి వచ్చిన గుడ్డ తానుల్ని దీపం వెలిగే గాజుబల్ల మీద గజం గజం పరిచి, తెగిన పోగూ నూనె మరకా వెతికి, ఆఖరి అంచున గీతలు పెట్టడం ఆవిడ పని. ఒక్క గీతంటే మొదటి రకం. రెండంటే పరవాలేదు. ఐదు గీతలు పడితే నేరుగా పీలికల గదికే. మంచి గుడ్డ పక్కన మాట రాయకూడదన్నది కూడా అక్కడి రివాజు. రాత కనిపించిందంటే లోపం ఉన్నట్టే. నేతవాళ్లు బల్ల పక్కన నిలబడి ఆవిడ చెయ్యి వంకే చూసేవాళ్లు. ఒక్క గీత గీసి చెయ్యి ఆగిపోతే అప్పుడు ఊపిరి తీసుకునేవాళ్లు.

మిల్లు మూతబడి పదకొండేళ్లయింది. ఇప్పుడు సుద్దమ్మ చెల్లెలి కూతురితో కలిసి మంగలి షాపు పైన రెండు గదుల ఇంట్లో ఉంటోంది. ఆ అమ్మాయి పళ్ల ల్యాబులో కట్టుడుపళ్లు తయారుచేస్తుంది. పొద్దున వెళితే మళ్లీ సాయంత్రమే. పుస్తకాల్లో అక్షరాలు కంటికి ఆనడం లేదని పెద్దమ్మ సణుగుతుంటే, తన పాత ట్యాబు చేతిలో పెట్టి అక్షరాన్ని పెద్దది చేసుకోవడం నేర్పింది. "ఇందులో చదువుకో పెద్దమ్మా. ఇంక దేని మీదా నొక్కకు" అని మరీ చెప్పి వెళ్లింది.

నొక్కకు అన్నాక నొక్కకుండా ఎవరుంటారు?

మొదట ఒక గొడుగుల దుకాణం తెరుచుకుంది. వానలో జనం మరిచిపోయిన గొడుగులన్నీ అక్కడికి చేరతాయి. ఎవరి గొడుగు ఎవరిదో దాని ముడతల్ని బట్టి కనిపెట్టి ఇచ్చెయ్యడమే ఆట. సుద్దమ్మ ఆ పూట పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోయింది. తరవాత పాత గోడ మీద నాచు పెంచే ఆట. ఎండ తగలకుండా చూసుకుంటే చాలు, అది తన మానాన తను పెరుగుతుంది. మబ్బులకి తల దువ్వే ఆట ఒకటి. పాత రేడియోలు బాగుచేసే నత్త ఇంకొకటి. అది ఒక స్క్రూ తిప్పేలోపల మనం ఒక కునుకు తియ్యొచ్చు. వీటిని చేసింది పెద్ద కంపెనీలు కావు. ఎవరో ఒక్కళ్లు, మహా అయితే ఇద్దరు, ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాక కూర్చుని చేసుకున్నవి. ఆ మాట ఆటల పేజీల్లోనే రాసి ఉంటుంది. అది చదివినప్పుడల్లా సుద్దమ్మకి బల్ల పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డ నేతవాళ్లు గుర్తొచ్చేవాళ్లు.

అయినా సిగ్గేసేది. బేరాల్లేనప్పుడు ఫోనులో ఆడుకుంటున్న కింది షాపు మంగలిని, మొన్న మొన్ననే, "గడ్డాలు గీసే చేతికి బొమ్మలాటలేమిటయ్యా?" అని నలుగురిలో కడిగేసింది మరి. అందుకే మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడగానే వార్తల పేజీ తెరిచి, దేశం ఏమైపోతోందో అన్నట్టు మొహం పెట్టేది.

ఇన్ని ఆటల్లోకీ ఆవిడ ప్రాణం పెట్టుకున్నది కొంగ పడవ మీద. ఒక కొంగ ఏట్లో పడవ నడుపుతూ ఉంటుంది. ఈ గట్టున ఎక్కినవాళ్లని ఆ గట్టున దించాలి. దిగినవాళ్లు నాలుగడుగులు వేసి వెనక్కి తిరుగుతారు. మనం వేలితో తాకినంతసేపూ కొంగ రెక్క ఊపుతుంది, వాళ్లూ చెయ్యి ఊపుతారు. మనకి చాలనిపించిందాకా వాళ్లు కదలరు. మొదటిసారి సుద్దమ్మ ఒక ఎలుగుబంటి మేష్టారికి పావుగంట చెయ్యి ఊపింది.

ఆట ఆడాక పేజీ కింద ఐదు స్టార్లు కనబడి, ఎన్ని ఇస్తారు అని అడుగుతుంది. ఇది ఆవిడకి తెలిసిన పనే. పేరు అడిగితే సుద్ద అని కొట్టి, కొంగ పడవకి ఒక్క స్టారు పెట్టింది. గొడుగులకి ఒకటి, నాచుకి ఒకటి. నచ్చినవన్నీ పదకొండు లెక్కతేలాయి, పదకొండింటికీ ఒక్కొక్కటే. మాట మాత్రం ఎక్కడా రాయలేదు. జనమంతా ఐదేసి స్టార్లు పెట్టి ఉండటం చూసి, "ఇంత మంచి సరుకుని పీలికల్లోకి తోస్తారా, కళ్లున్నాయా వీళ్లకి" అని వాళ్లని తిట్టుకుంది కూడా.

సెలవునాడు పొద్దున్న కొంగ పడవ పేజీ తెరిస్తే, దాన్ని చేసిన మనిషి రాసిన మాటలు పైనే ఉన్నాయి.

"ఈ ఆటకి ఇప్పటిదాకా మార్కులు వేసినవాళ్లు పద్నాలుగు మంది. పోయిన వారం ఒకరు ఒక్క స్టారే ఇచ్చారు. పేరు 'సుద్ద'. తెలియక ఇచ్చారనుకుందామంటే, ఆడిన సమయం అరవై ఒక్క గంటలని పక్కనే ఉంది. ఇది మూడు గంటల ఆట. నాకన్నా ఎక్కువ ఆడిన మనిషికే ఇంత పనికిరానిదిగా కనబడిందంటే, నేను చూడలేని లోపమేదో ఉన్నట్టే. నెలాఖరుకి ఆటని తీసేస్తున్నాను. ఆడినవాళ్లందరికీ కృతజ్ఞతలు."

సుద్దమ్మ మూడుసార్లు చదివింది. నాలుగోసారి అక్షరాన్ని ఇంకా పెద్దది చేసుకుని చదివింది. చెల్లెలి కూతురు కిటికీ దగ్గర కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటోంది.

"ఏమే, మాటవరసకి అడుగుతున్నా. ఈ స్టార్లు ఉంటాయి కదా, ఒకటిస్తే గొప్పా, ఐదిస్తే గొప్పా?"

"ఐదే. ఎందుకు?"

"ఒకటిస్తే?"

"దిక్కుమాలినదని. ఎవరికిచ్చావ్ పెద్దమ్మా?"

"నేనెందుకిస్తాను" అంది సుద్దమ్మ. దాచుకుంటే నెలాఖరు వచ్చేస్తుంది. చెబితే ఈ పిల్ల ముందు పరువు పోతుంది. పరువు ఏ మూలనుంచి పోతుందో తేల్చుకోలేక, ట్యాబుని అమ్మాయి ఒళ్లో పడేసి గోడకేసి తిరిగింది.

అమ్మాయి చదివింది. పెద్దమ్మ స్టార్లు పెట్టిన పేజీలన్నీ తిరగేసింది. పెదాలు బిగబట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

"నవ్వు. పళ్లు రాలేట్టు నవ్వు. ఎలాగూ కట్టుడుపళ్లు చేసేదానివే."

"కాదు పెద్దమ్మా, ఈ తుపాకుల ఆటకి ఐదిచ్చావేంటి?"

"తలనొప్పొచ్చింది. పీలికల గదికి పంపాను."

ఇక అమ్మాయి ఆపుకోలేకపోయింది. కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని చూస్తే పెద్దమ్మ ఇంకా గోడకేసే ఉంది. వీపు చూస్తేనే తెలిసిపోయింది, ఇది నవ్వే విషయం కాదని.

"సర్లే, మార్చేద్దాం. ఒక్క నొక్కుతో అయిపోతుంది. కానీ మూడు గంటల ఆటని అరవై ఒక్క గంటలు ఏం చేశావ్?"

సుద్దమ్మకి అసలు సిగ్గు ఇక్కడుంది. స్టార్ల సంగతి తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది.

"ఆఖర్న ఒక తాబేలు ఉంటుంది" అంది గోడతోనే. "ఒళ్లో పెట్టె పెట్టుకుని గట్టున కూర్చుని ఉంటుంది. దాన్ని దాటిస్తే ఈ గట్టున ఎక్కడానికి ఇంకెవరూ ఉండరు. అందుకని ఎక్కించుకోలేదు."

"మరి?"

"ఖాళీ పడవే అటూ ఇటూ తిప్పాను. మధ్యమధ్యలో వచ్చి దాని పక్కన నిలబెట్టేదాన్ని. తొందరేం లేదులే అంటుంది అది."

"యాభై ఎనిమిది గంటలా?"

"మిల్లు మూసిన రోజున పక్కబల్ల ఆవిడ బస్సులోంచి చెయ్యి ఊపింది. అంతకు ముందు రోజే చిన్న మాట అనుకున్నాంలే. నేను చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను. లేచేసరికి బస్సు లేదు." గోడ మీది పెచ్చు గోటితో గీకింది. "దానికీ దీనికీ సంబంధమేమిటని అడక్కు."

అమ్మాయి ట్యాబు తిరిగి పెద్దమ్మ చేతికే ఇచ్చింది. "నువ్వు చెప్తుంటే ఆ మనిషికి ఉత్తరం నేను కొట్టనా?"

"నేనే కొడతాను. తప్పు చేసిన వేలు ఇదేగా."

ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ మధ్యాహ్నం దాకా కొట్టింది. మిల్లు సంగతి, గీతల సంగతి, తాబేలు సంగతి, ఏదీ దాచలేదు. "మీ గుడ్డలో లోపం లేదు. చూసిన కంటిదే లోపం. దయచేసి తియ్యకండి" అని ముగించి, స్టార్లు ఐదు చేసి పంపింది. పంపాక వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

టీ తాగే వేళకి జవాబు వచ్చింది. అమ్మాయి పైకి చదివింది.

"అమ్మా, మీ ఉత్తరం మా ఇంట్లో అందరం చదువుకున్నాం. తియ్యాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీరు తానుని ఆఖరి గజం దాకా పరచకుండా గీత పెట్టేవారా? ఈ ఐదు స్టార్లు జాలితో వేసినవేమోనని నా అనుమానం. తాబేలుని దాటించి, అప్పుడు చెప్పండి. ఏం చెప్పినా వింటాను."

అమ్మాయికి కోపం వచ్చింది. "పెద్దావిడతో మాట్లాడే పద్ధతేనా ఇది? మార్చాం కదా, ఇంకేం కావాలట?"

"నువ్వూరుకో. ఆ మనిషి అన్నదాంట్లో తప్పేం లేదు" అంది సుద్దమ్మ. మొహం మాత్రం చిన్నబోయింది. ముప్పై ఒక్కేళ్లలో ఆఖరి గజం విప్పని తాను మీద ఆవిడ సుద్ద ఆనలేదు. సూపర్‌వైజరు తొందరపెట్టినా ఆనలేదు. ఇప్పుడు ఒకసారి ఒకటీ, ఒకసారి ఐదూ, రెండూ చూడకుండా గీసినవే. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆ సంగతి పట్టుకోవాల్సి వచ్చింది. నలుగురిలో తల కొట్టేసినట్టయింది, గదిలో ఉన్నది ఇద్దరే అయినా.

కళ్లజోడు తుడుచుకుని బల్ల ముందు కూర్చుంది. అమ్మాయి వెనక నిలబడింది. కొంగ పడవని గట్టుకి చేర్చింది. తాబేలు పెట్టె ఎత్తుకుని, ఒక్కో కాలే తీసి పెడుతూ ఎక్కింది. ఏరు దాటడానికి మూడు నిమిషాలు పట్టింది. సుద్దమ్మ వేలు ఒకటి రెండుసార్లు వెనక్కి మళ్లబోయింది గానీ ఆపుకుంది. అవతలి గట్టున తాబేలు దిగింది. నాలుగడుగులు వేసింది. అందరిలాగా వెనక్కి తిరుగుతుందని సుద్దమ్మ వేలు ముందే సిద్ధంగా ఉంచింది. తాబేలు తిరగలేదు. గడ్డిలోకి వెళ్లిపోయింది. కొంగ మాత్రం రెక్క ఎత్తి అలాగే నిలబడింది, తరవాత దించుకుంది. అంతే.

"అదేంటి, తిరగలేదేం?" అంది అమ్మాయి.

"మెడ తిరగదు దానికి" అంది సుద్దమ్మ, కళ్లజోడు మళ్లీ తుడుచుకుంటూ. "ఊపాల్సినవాళ్లు ఎలాగైనా ఊపాలి."

స్టార్లు ఉన్నచోటికి వెళ్లి, చాలాసేపు చూసి, నాలుగు పెట్టింది.

"అయ్యో పెద్దమ్మా, నాలుగా? ఇప్పుడే క్షమాపణ చెప్పుకున్నాం."

"తాబేలు దిగాక పడవ అంతే బరువుగా ఉంది. పడవ పక్కన నీళ్లలో మునిగిన గీత పైకి లేవలేదు. మనిషి దిగిపోతే పడవ కొంచెం తేలాలి కదా." అదే మాట రాసి పంపేసింది. పంపిన మరుక్షణం నుంచీ వేలు కొరుక్కుంటూ కూర్చుంది. క్షమించమని అడిగిన నోటితోనే వంక పెట్టింది తను. ఇక ఆ మనిషి ఆట తీసేసినా అనడానికి నోరు లేదు.

ఇంకా వెలుతురు ఉండగానే పేజీ మారింది. తీసేస్తున్నానన్న మాటలు లేవు. వాటి చోట ఒక్క వాక్యం ఉంది. "పడవ తేలేట్టు చేస్తున్నాను, రెండు రోజులు ఓపిక పట్టండి."

అమ్మాయి పెద్దమ్మ భుజం తట్టింది. "అయిపోయింది, లే. మిగతా పదింటికీ నేను నిమిషంలో ఐదులు కొట్టేస్తాను."

"వద్దు." సుద్దమ్మ ట్యాబుని దగ్గరికి లాక్కుంది. "ఆ పదింట్లో ఆరు..." అని ఆగి, గొంతు తగ్గించి, "ఆరు నేను ఆఖరి దాకా చూడలేదే" అంది.

అమ్మాయి ఈసారి నవ్వలేదు. దీపం వేసి, ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"అయితే ముందు ఏది?"

"గొడుగులు" అంది సుద్దమ్మ, తలెత్తకుండా.