ఈడుపు జోడు

పైపై మెరుపు చూసి బూటు కొనేవాళ్లంటే జాతకాలక్కకు ఒళ్లు మంట. పాలిష్ ఎవడైనా పూస్తాడు, లోపలి సంగతి చెప్పమనండి చూద్దాం! పాత జోళ్లు కొని, బాగుచేసి, మళ్లీ అమ్మే దుకాణం వాళ్లది. ఏది అమ్ముడుపోతుందో, ఏది దండగో తేల్చేది ఆవిడే. ముందు బూటును వెల్లకిలా తిప్పి సోలు ఎక్కడ అరిగిందో చూస్తుంది. తర్వాత ముందుభాగం వంచి, తోలు మడతల్లో చీలికలున్నాయేమో గోటితో వెతుకుతుంది. ఆఖరున చెయ్యి లోపలికి దూర్చి వేళ్ల దాకా తడుముతుంది. మడమ అరిగితే పరవాలేదు, కొత్త ముక్క వేస్తే సరి. లోపలి అట్ట కుళ్లిందా, ఇక దాని మొహం చూడదు. పనిలో పనిగా ఆ జోడు తొడిగిన మనిషి గుణగణాలు కూడా చెప్పేస్తుంది. అందుకే బజారంతా కలిసి ఆ పేరు పెట్టారు. ఆవిడా కాదనలేదు.

ఇల్లిల్లూ తిరిగి జోళ్లు కొని సంచిలో మోసుకొచ్చేది మొగుడు. నోట్లో నాలుక లేని మనిషి. వెనకగదిలో సంచి దించి "చూసుకో" అంటాడు, అంతే. తుడిచి, తాళ్లు మార్చి, పాలిష్ పెట్టేది ఆయన చెల్లెలు. అమ్ముడుపోక మిగిలిపోయిన జోళ్లే ఇంట్లో అందరూ తొడుక్కుంటారు. ఆయన కాళ్లకు ఏ రోజు ఏ జోడు ఉందో పట్టించుకునే తీరిక ఎవరికుంది?

వాళ్లలో వాళ్లకు ఒక మాట ఉంది: ఈడుపు. నడిచేటప్పుడు కాలు సరిగా లేవక, ముక్కు నేలకు రాసుకుని అరిగిపోయిన బూటును అలా అంటారు. ముక్కు దగ్గర తోలు పోయాక బాగుచెయ్యడానికి ఏమీ ఉండదు. తాళ్లు లాక్కుని అవతల పారెయ్యడమే.

ఈమధ్య సంచుల్లో ఈడుపులు ఎక్కువయ్యాయి. అన్నీ ఎనిమిదో నంబరే, ముక్కు అరిగింది అన్నిటికీ ఎడమకాలే. ఆ మధ్యాహ్నం సంచిలోంచి తీసిన గోధుమరంగు జోడు కూడా అదే బాపతు. జాతకాలక్కకు చిర్రెత్తుకొచ్చింది.

"అబ్బబ్బ, మళ్లీ ఈడుపే! ఏమండీ, కళ్లు ఎవరికన్నా అద్దెకిచ్చారా? ఎడమకాలు ఈడ్చేవాళ్లంతా మీకోసమే కాచుక్కూర్చున్నారా ఏంటి?"

ఆయన తేలు కుట్టిన దొంగలా మొహం అటు తిప్పుకున్నాడు. గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు.

"జాతకం చెప్పు వదినా," అంది ఆడపడుచు నవ్వుతూ.

"చెప్పేదేముంది? మొండిఘటం. కాలు లేవట్లేదని పెళ్లానికి కూడా చెప్పుండడు. ఆ మహాతల్లి ఎవరో గానీ, పక్కనే మనిషి కుంటుతుంటే కళ్లప్పగించి కూర్చుంది, మొద్దుమొహం! ఇవాళో రేపో పడతాడు చూడు," అంటూ అలవాటుగా చెయ్యి లోపలికి దూర్చింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాత బూటు లోపల చల్లగా ఉంటుంది. ఎవరి మంచం కిందో, ఎవరి అటక మీదో పడి ఉండి వచ్చిన సరుకు కదా. ఇది వెచ్చగా ఉంది. చెమట కూడా ఇంకా ఆరలేదు.

తలెత్తి ఆయన కాళ్లకేసి చూసింది. నల్ల జోడు తొడుక్కుని ఉన్నాడు. తాళ్లు ఇంకా కట్టుకోలేదు.

ఆడపడుచు కూడా అటే చూసింది. నవ్వు ఎగిరిపోయింది. "అన్నయ్యా, నాన్నకీ ఇలాగే కదూ మొదలైంది? ఇలాగే కాలు ఈడ్చి ఈడ్చి కదూ మంచాన పడ్డాడు?" అంటూ చేతిలోని గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది జాతకాలక్క. గొంతు ఆవిడదిలా లేదు.

"వానలకు ముందు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"సోలు చూస్తే నువ్వు ఇట్టే పట్టేస్తావు. అందుకే ముక్కు అరిగినప్పుడల్లా జోడు మార్చేసేవాణ్ని."

"మార్చినవాళ్లు బయట పారెయ్యకపోయారా? నా ముందుకే తెచ్చి పోస్తారా?"

ఆయన తలొంచుకున్నాడు. "తాళ్లన్నా పనికొస్తాయి కదా అని... పారెయ్యబుద్ధి కాలేదే."

దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు. ఎక్కడెక్కడివాళ్లో తొడిగి విడిచిన జోళ్లకు జాతకాలు చెప్పింది, పక్కన పడుకునే మనిషి కాలు చూడలేదు. మొద్దుమొహం అని ఇందాక ఆవిడే అంది. ఆ తిట్టు తిరిగొచ్చి తనకే తగిలింది. భయం, కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"నాన్న నోట్లో అమ్మ ముద్దలు పెట్టేది," అన్నాడాయన మెల్లిగా. "నీకా రాత వద్దనుకున్నాను. సంచి ఎవరు మోస్తారు, దుకాణం ఏమవుతుంది అని..."

"సంచీ గించీ తగలబెడతాను! మనిషి కంటే ఎక్కువా?" అని లేచింది. "పదండి, డాక్టరు దగ్గరికి."

"రేపు పొద్దున వెళ్దాం. ఇవాళ ఇంకో ఇంట్లో పాత జోళ్లిస్తాం రమ్మన్నారు."

"ఇప్పుడే."

కింద కూర్చుని ఆయన బూటు తాళ్లు తనే కట్టింది. చెల్లెలి ముందు ఆయనకు సిగ్గేసింది. అయినా కాలు వెనక్కి తీసుకోలేదు.

వీధిలోకి రాగానే ఆయన అలవాటు కొద్దీ నిటారుగా నడవబోయాడు. నుదుట చెమట పట్టింది. ఎదురు కొట్టు దర్జీ మిషను ఆపి, "ఏం జాతకాలక్కా, పట్టపగలు మొగుడి చెయ్యి పట్టుకుని షికారా?" అన్నాడు. ఇంకో రోజైతే వాడికి తల ఎత్తుకోలేని జవాబు దొరికేది. ఇవాళ ఆవిడ ఆయన చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని ముందుకు సాగింది.

మలుపు తిరిగాక, "ఎవరికోసమండీ ఈ అవస్థ?" అంది. "నాకు తెలిసిపోయిందిగా. ఈడ్చుకుంటూనే నడవండి."

ఆయన ఆగాడు. ఒకసారి ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి తీసి ఆవిడ భుజమ్మీద వేసి, ఇన్నాళ్లూ బలవంతంగా ఎత్తిన కాలును వదిలేశాడు. బూటు ముక్కు రాళ్లమీద గీసుకుంటూ చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు పళ్లు బిగబట్టి, ఆవిడ తన నడక ఆయన నడకకు తగ్గట్టు తగ్గించుకుంది.