శరణప్ప లోకల్ సెట్టు

పొద్దున్నే కరెంటు పోవడంతో శరణప్ప సోల్డరింగ్ కడ్డీని బొగ్గుల కుంపట్లో పెట్టి, ఎవరినో కొడుతున్నట్టు విసనకర్ర ఊపుతున్నాడు. కడ్డీ ఎర్రబడకముందే అతని మొహం ఎర్రబడింది. ఎదురుగా బల్లమీద వెనకమూత ఊడదీసిన రేడియో. బ్యాటరీ తగిలిస్తే మాట్లాడదు, ఈల వేస్తుంది. ముల్లు ఎటు తిప్పినా అదే ఈల.

"ఎయ్యి. ఇంక గట్టిగ ఎయ్యి. నీ అయ్య సొమ్మేం పోతది," అన్నాడు దానితో.

జహీరాబాదు బస్టాండు వెనకసందులో ఉన్న ఇంటి ముందుగదే అతని కొట్టు. యాభై దాటిన పొట్టి మనిషి. ఎడమచేతి బొటనగోరు కాలి కాలి కొమ్ములా గట్టిపడింది. సోల్డరు పొగకు అలవాటుపడిన కుడికన్ను పొగ లేనప్పుడు కూడా చిట్లించే ఉంటుంది. స్క్రూడ్రైవరు పొడుచుకుని చొక్కాజేబు చిరిగినప్పుడల్లా తిడుతూ కుట్టీ కుట్టీ, చివరికి అతని భార్య అనంతమ్మ దానికి అడుగున తోలుముక్క వేసింది.

అతను చేసే రేడియోను ఆ చుట్టుపక్కల లోకల్ సెట్టు అంటారు. మామూలు చెక్కపెట్టె. పైన కంపెనీ పేరుండదు. గుల్బర్గా కన్నడం, పర్భణీ మరాఠీ, హైదరాబాదు తెలుగు పలికితే ఇక్కడి రైతుకు అంతకంటే ఏం కావాలి? ఒక్క విశేషం మాత్రం ఉంది. ఏ వస్తువు ఎక్కడికి పోతుందో కాగితంమీద బొమ్మ గీసి, ప్రతి సెట్టు మూతలోపల మైదాతో అతికిస్తాడు. తను లేకపోయినా ఏ మెకానిక్కైనా మూత తీసి చూసి బాగుచేసుకోవచ్చు.

"ఇంటి తాళపుచెయ్యి ఊరందరికి పంచినట్టున్నది నీ యవ్వారం," అనేది అనంతమ్మ.

వయసులో అతను బీదర్‌లో టూరింగ్ టాకీసులో పనిచేశాడు. అక్కడి ఆపరేటరు రేవణసిద్ధప్ప యాంప్లిఫయరు విప్పేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేవాడు. శరణప్ప ఏళ్ల తరబడి చూసింది ఆ వీపునే. ఉన్న విద్యంతా ఆయన నిద్రపోయినప్పుడు దొంగతనంగా నేర్చుకున్నదే. ఆ వీపుమీది కోపం ఇప్పటికీ చల్లారలేదు. మూతలోపలి కాగితం ఆ కోపంలోంచి పుట్టిందే.

ఇప్పుడు ఆ సెట్లే అతని పరువు తీస్తున్నాయి. ఝరాసంగం రామ్‌కిషన్ అల్లం పండిస్తాడు, నలుగురూ మాట వినే మనిషి. అతను చెప్పాడనే ఆ ఊళ్లో చాలా ఇళ్లవాళ్లు ఈ ఎండాకాలం శరణప్ప దగ్గర సెట్లు చేయించుకున్నారు. ఇచ్చినరోజు బాగానే పలికాయి. వారం తిరిగేసరికి ఒక్కొక్కటీ ఈల అందుకుంది. రామ్‌కిషన్ తన సెట్టు తెచ్చి బల్లమీద పెట్టి చెప్పాడు:

"అన్నా, బేస్తారం సాయంత్రం బస్సుకొస్త. ఇది పలికిందా, సరే. పలకలేదనుకో, అందరియి తెచ్చి నీ ముంగల కుప్ప పోసి, చంద్రశేఖర్ సేటు కాడ కంపెనీవి కొంటం. వాళ్లు నిన్ను జూసి కొనలే, నన్ను జూసి కొన్నరు."

ఆ బేస్తవారం ఇవాళే. అన్నీ వెనక్కొస్తే కొట్టు మూసుకోవడమే. తర్వాత పోయి కూర్చోవలసింది చంద్రశేఖర్ దుకాణంలోనే. సేటు ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. అక్కడ రిపేరంటే చెడింది పీకి కంపెనీకి పంపడం, వచ్చింది బిగించడం. "దానికి నేనెందుకు, గాడిద సాలు," అనేవాడు శరణప్ప.

కడ్డీ తీయబోతూ ఎడమ భుజం పట్టుకుని ఆగాడు.

"రాత్రంత పిసుక్కుంటనే ఉన్నవు. దవాఖానకు పోదాం పా," అంది అనంతమ్మ గడపలోంచి.

"గ్యాసు. ఈ కాయిల్ చేసినోని పాపం నాకు గ్యాసై తగిలింది."

తప్పు కాయిళ్లలోనే ఉందని అతనికి తెలుసు. కాయిల్ అంటే గోరంత రేకుడబ్బీ. పైన తిప్పడానికి రంగుతల ఉంటుంది. మెకానిక్కులు చీటీ చదవరు, తల రంగు చూసే ఏది ఎక్కడిదో పోల్చుకుంటారు. ఈసారి వచ్చిన సరుకులో రంగులు అవే. కాని చివరిదాకా తిప్పితేగాని పలకలేదు. అలా చివరన ఆపిన కాయిళ్లు నాలుగురోజులకే జారిపోయాయి. అందుకే వేరేవి పంపమని హైదరాబాదులో సరుకిచ్చే దుకాణానికి కబురు చేశాడు.

పదింటికి బస్సు డ్రైవరు ఖాదర్ కిటికీలోంచి పొట్లం అందించాడు.

"తీస్కో శరణప్పా. దుకాణపాయన గట్టిగ చెప్పిండు, గదే నంబరు, గదే రంగు అని. ఫికర్ చెయ్యకన్నడు."

"ఫికర్ నాది, బేరం ఆయనది. మంచిగనే ఉన్నది."

పాతవి పీకి కొత్తవి అతికాడు. బ్యాటరీ తగిలించాడు. ఈల.

శరణప్ప కడ్డీని కుంపట్లో పడేశాడు. తర్వాత లేచి, చెప్పులైనా వేసుకోకుండా మెయిన్‌రోడ్డుకు నడిచాడు. లారీలు దుమ్ము లేపుకుంటూ బొంబాయి వైపు పోతున్నాయి. చంద్రశేఖర్ దుకాణంలో అద్దాల వెనక కొత్త రేడియోలు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాయి.

"సేటూ, కంపెనీ సెట్లల్ల ఇవే కాయిళ్లు కదా. లోపల ఏం మార్చిన్రు? నీ కాడ కాగితం ఉంటది. ఒక్కపారి చూసి ఇచ్చేస్త."

చంద్రశేఖర్ నవ్వాడు. "కంపెనీ కాగితం బయటోళ్లకు ఇయ్యొద్దు శరణప్పా. రేపటిసంది ఈడ కూసో, దినాం చూస్కో."

"నంబరు మార్చకుంట లోపల సరుకు మారుస్తరా? ఇది బేరమా, దొంగతనమా?"

"నీ డబ్బాల పెట్టుకో అని కంపెనీ నీకు చెప్పిందా?"

శరణప్ప బల్లమీద అరచేత్తో ఒక్కటి చరిచి బయటపడ్డాడు. వచ్చినదారినే తిరిగొచ్చాడు. గదిలోకి వస్తూనే కొత్త కాయిళ్లలో ఒకదాన్ని పీకి, గడపరాయిమీద పెట్టి, రేకును పటకారతో చీల్చాడు. బాగుచేద్దామని కాదు. దాన్ని చంపుదామనే.

తీగచుట్ట కింద, మడతలో, గవ్వతెల్లటి చిన్న గొట్టం కనిపించింది. కండెన్సర్, కాయిల్‌కు జతగా ఉండి శ్రుతి నిలిపేది.

పాత కాయిళ్లలో అది ఉండేది కాదు. అందుకే ప్రతి కాయిల్ పక్కన బయట ఒక గోధుమరంగు బిళ్ల కండెన్సర్ పెట్టేవాడు, కాగితంలోనూ అలాగే గీసేవాడు. ఇప్పుడు లోపలొకటి, బయటొకటి. ఒకే ఒరలో రెండు కత్తులు.

"చెప్తే వీళ్ల నోట్లె ముత్యాలు రాలుతయా," అంటూ చీల్చిన కాయిల్ చోట మరోటి అతికాడు. తను పెట్టిన కండెన్సర్లను ఒక్కొక్కటే కాల్చి లాగి, ఎక్కడ పడుతున్నాయో చూడకుండా విసిరేశాడు. కాయిళ్లు నెమ్మదిగా తిప్పాడు. ఈల సన్నబడింది, తెగింది. ఎవరో కన్నడంలో జొన్నకు పట్టే పురుగు గురించి తీరిగ్గా చెబుతున్నారు. ముల్లు తిప్పాడు. పర్భణీ. ఇంకా తిప్పాడు. హైదరాబాదు.

నవ్వలేదు. కలం తీసి మూతలోపలి బొమ్మలో బయటి కండెన్సర్లన్నీ కొట్టేసి, పక్కన పెద్ద అక్షరాలతో రాశాడు: "ఇవి వద్దు. కాయిల్ లోపలే ఉన్నాయి. పైన రాయరు, లుచ్చాగాళ్లు."

సాయంత్రం రామ్‌కిషన్ వచ్చి, సెట్టు చెవిదగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. మూత తిప్పి రాత చూసి కిసుక్కున నవ్వాడు.

"అన్నా, ఇంట్ల ఆడోళ్లు చదువుతరు ఇది."

"చదవనీ. అందరియి రేపు పొద్దుగాల తే. ఒక్కొక్కటి గడియసేపు పని."

"ఇడిసిపెట్టినం పో సేటును," అని రామ్‌కిషన్ బస్సుకు పరుగెత్తాడు.

శరణప్ప గోడకు ఆనుకుని కాళ్లు చాపాడు. "ఏమే, జర చల్లటి నీళ్లు తే," అన్నాడు. అనంతమ్మ కుండలో ముంచి తెచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. నిద్రపోయాడేమోనని చెంబు పక్కన పెట్టి, కుంపటి ఆర్పి వచ్చి కూర్చుంది. వీధిలో దీపాలు వెలిగినప్పుడు గాని ఆ కుడికన్ను చిట్లింపు పోయిందని ఆమె చూడలేదు.

తెల్లారి రామ్‌కిషన్ గోనెసంచుల్లో సెట్లు మోసుకొచ్చేసరికి వాకిట్లో జనం. సంచులు దించడం మరిచి అలాగే నిలబడ్డాడు. పూలదండ పట్టుకొచ్చిన చంద్రశేఖర్ పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "పాపం, మంచి మనిషి. ఆ సెట్లు నా కాడికి తేరాదు, పాతయి తీస్కొని కొత్తయిస్త."

అది అనంతమ్మకు వినబడింది. "సేటూ, మనిషి ఇంకా వాకిట్లనే ఉన్నడు," అంది.

రామ్‌కిషన్ సంచులు భుజాన సర్దుకున్నాడు. "వద్దు సేటూ. ఎట్ల చెయ్యాల్నో నాదాంట్ల రాసిచ్చిండు. కోహీర్ ఊర్ల ఒకడు రిపేర్ చేస్తడు, సూపిస్త."

మట్టి ఇచ్చి అందరూ వెళ్లాక అనంతమ్మ ముందుగది ఊడ్చింది. బల్లకింద చీపురుకు ఏదో తగిలి గలగలమంది. శనగబద్దంత గోధుమరంగు బిళ్ల, రెండు సన్నటి కాళ్లు, ఒక కాలికొసన ఇంకా మెరుస్తున్న సోల్డరు బొట్టు. పనికొచ్చేదో పనికిరానిదో ఆమెకు తెలియదు. విసుక్కుంటూ చెప్పే మనిషి లేడు. చెంగుతో తుడిచి కిటికీ గూట్లో పెట్టింది. కాళ్లు రెండూ పైకి పెట్టుకుని అది అక్కడ వెల్లకిలా పడుకుంది.