మూడో రొట్టె

మొగుడు బహ్రెయిన్ నుంచి క్షేమంగా ఇల్లు చేరితే కొండగట్టు గుళ్ళో మూడు నిద్రలు చేస్తానని కనకవ్వ అంజన్నకు మొక్కుకుంది. పోయిన నెల మొగుడు చేరాడు. ఆమె పోయి మొక్కు తీర్చుకుని, కొబ్బరి చిప్పల సంచి పట్టుకుని నాలుగో రోజు పొద్దున ఆటో దిగింది. పెరట్లోకి వచ్చి చూస్తే తన పొయ్యి లేదు.

పొయ్యి ఉన్న చోట, సెగ పెట్టి ఆరబెట్టిన నడుమెత్తు మట్టి బట్టీ లేచింది. దాని ముందు మొగుడు పర్శరాములు లుంగీ ఎగ్గట్టి, పొడుగాటి చెక్క తెడ్డుతో ఉబ్బిన రొట్టెలు తీస్తున్నాడు. పద్దెనిమిదేండ్లు ఆ దేశంలో చేసిన పని అదే. చుట్టూ వాడకట్టంతా మూగింది. పక్కింటి ఐలవ్వ కుబ్బూస్ అనే ఆ అరబ్బు రొట్టెను చాయలో ముంచుకు తింటూ, ఇంత చేతిపని ఉన్న మనిషిని ఇన్నేండ్లు దేశం మీద ఎట్ల ఇడిచిపెట్టినవ్ వదినా అని నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అదే అయింది. కనకవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ పొయ్యి అంగట్లో కొన్నది కాదు. కాపురానికి వచ్చిన ఏడాది పుట్టమన్ను తెచ్చి, ఎండుగడ్డి కలిపి తన చేత్తో పిసికి పెట్టుకున్నది. ప్రతి శుక్రవారం ఎర్రమన్నుతో అలికి ముగ్గు వేసింది. మొగుడు విమానం ఎక్కేనాటికి బిడ్డ నవ్యశ్రీకి మూడేండ్లు. ఆ పిల్లను ఆ పొయ్యి మీద జొన్నరొట్టెలు కొట్టే పెంచింది. అరచేతుల టపటప చప్పుడుకే పిల్ల లేచి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పొగకు కళ్ళు నులుముకుంటూ కూర్చునేది. పొంగిన రొట్టెను వేలితో పొడిచి ఆవిరి బుస్సుమంటే పడీపడీ నవ్వేది. బాపు ఎప్పుడొస్తడే అవ్వా అని అడిగితే కనకవ్వ రొట్టె మీద రొట్టె కొట్టేది. ఇప్పుడా పిల్ల నస్పూర్‌లో కాపురం చేసుకుంటోంది. ఆ ఏండ్లకు మిగిలిన గుర్తు ఆ పొయ్యి ఒక్కటే.

దగ్గరికి పోయి చూసింది. బట్టీ గోడలో తన పొయ్యి పెళ్ళలే ఉన్నాయి. ఒకదాని మీద పోయిన శుక్రవారం వేసిన ముగ్గు గీత ఇంకా తెల్లగానే ఉంది.

“ఎవర్నడిగి కూలగొట్టినవ్?”

పర్శరాములు చెమట తుడుచుకుంటూ సంబరంగానే చెప్పాడు. ఇంట్లో గ్యాసు ఉంది, ఇక నువ్వు పొగలో కూర్చునే పని లేదు, రొట్టెల ఫికర్ నాకు వదిలెయ్ అన్నాడు. పెళ్ళానికి సుఖం చేశాననుకున్నాడు మహానుభావుడు. పొయ్యికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టి, గడ్డపారతో పొడిచి మరీ సుఖం చేశాడు. తొలి వాయి నీకే తీసిపెట్టిన అంటూ ఓ ముక్క తుంచి ఆమె నోటికి అందించబోయాడు.

ఆమె ఆ చేతిని తోసేసింది. రొట్టె బూడిదలో పడింది. ఐలవ్వతో సహా అందరూ ఒక్కొక్కరే జారుకున్నారు.

“గాడ నీ బట్టీ ఎవడన్న కూలగొడితె ఊకుంటుంటివా? గాడ మంట ముందల నువ్వున్నవ్, గీడ నేనున్న. నీది కొలువు, నాది ఉత్త పొగనా?”

పర్శరాములు బట్టీని ఇప్పుడే తీసేస్తానని గడ్డపార అందుకోబోతే, కూలగొట్టే పని ఈ ఇంట్లో ఇక వద్దని కసిరింది. ఆ రోజు అటుకులు తిని పడుకుంది గానీ అతని రొట్టె ముట్టలేదు.

తెల్లారి బట్టీ పక్కన కొత్త పొయ్యి కోసం గంప చేతికిచ్చి పుట్టమన్ను మోయించింది. పిసకమంది. అతను అరచేతి మడమతో మట్టిని నొక్కి, మడిచి, తిప్పి మళ్ళీ నొక్కుతున్నాడు. ఎక్కడా గడ్డ మిగలడం లేదు. ఆ చేతులు పిసకగా కనకవ్వ చూడడం అదే మొదలు. ముచ్చటేసింది. ముచ్చటేసినందుకు కోపం ఇంకా పెరిగింది. ఇంత మంచి చెయ్యి ఇన్నేండ్లు ఎవరి పిల్లలకో వేడి రొట్టె పెట్టింది, తన పిల్ల ఫోన్లో బాపును చూసుకుని మురిసింది. మట్టి పిసికింది అతనే అయినా పొయ్యి మాత్రం అతన్ని కట్టనివ్వలేదు, తన చేత్తోనే కట్టింది.

ఎనిమిది రోజులు ఆరనిచ్చి, శుక్రవారం అలికి ముగ్గు వేసి అంటించింది. పర్శరాములు పిలవకుండానే పళ్ళెం తెచ్చుకుని కూర్చున్నాడు. మొదటి రొట్టె పొంగింది. పళ్ళెం చాచాడు. ఆమె దాన్ని చల్లార్చి దూడకు పెట్టింది. రెండోది పొంగింది. మళ్ళీ చాచాడు. మధ్యాహ్నం బస్సుకు నవ్యశ్రీ వస్తుందని దాన్ని గుడ్డలో చుట్టింది.

“మరి నాకు?” అన్నాడు.

కనకవ్వ మూడో ముద్దను పీట మీద వేసింది.

“పద్దెనిమిదేండ్లు నేను కూసున్న. రెండు రొట్టెలకు నువ్వు కూసోలేవా?”

పర్శరాములు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పొగకు కళ్ళు నులుముకుంటూ కూర్చున్నాడు.