మోగని మీట

పదిహేడో నంబరు సీటు కింద వాంతి ఎండి అట్టకట్టింది. సత్యవతి మోకాళ్ల మీద కూర్చుని రేకుముక్కతో గీకుతోంది. పది దాటింది. షెడ్డు రేకులు కాగి బస్సు లోపల కుంపటిలా ఉంది. ఫినాయిలు, చెమట, పులిసిన కూడు, అన్ని వాసనలూ కలిసిపోయాయి.

హైదరాబాదు నుంచి పొద్దున్నే పాతపట్నం చేరిన బస్సు అది. సాయంత్రం నాలుగింటికి మళ్లీ బయలుదేరాలి. రోజుకి ఇలాంటివి మూడు కడిగితే ఆమెకి మూడొందల యాభై.

"ఒసే సత్తీ, బేగి కానీ! తనికీ సారు మజ్జానం వస్తాడు. మొకం కడుక్కుని ఆఫీసులో కొత్త సీరున్నాది, కట్టుకో" అని కిందనుంచి కేకేశాడు యజమాని నారాయణమూర్తి.

"నాకెందుకు బాబూ కొత్త సీర?"

"ఈయేళ ప్యాసింజరువి నువ్వే. మొదటి సీట్లో కూకుని, సెప్పగానే ఎర్ర మీట నొక్కాల. ఫొటో తీత్తారు. అంతే."

దూరప్రయాణాల బస్సుల్లో భద్రత కోసమని ప్రభుత్వం ఒక్కో బస్సుకి లక్షా అరవై వేల గ్రాంటు ఇస్తోంది. నాలుగు కెమెరాలు పెట్టాలి. సీటుకో మీట ఉండాలి. అది నొక్కితే డ్రైవరు దగ్గర గంట మోగాలి, పోలీసులకి కబురు వెళ్లాలి. నారాయణమూర్తికి పన్నెండు బస్సులు. సగం సొమ్ము ఎప్పుడో వచ్చింది. మిగతా సగం తనిఖీ అయితే వస్తుంది.

ఆ కెమెరాలు రోజూ తుడిచేది సత్యవతే. ఉగాది ముందు ఒకటి ఊడి ఆమె చేతిలో పడింది. లోపల ఏమీ లేదు, ఉత్త ప్లాస్టిక్కు డొల్ల. నారాయణమూర్తి గమ్ము సీసా చేతికిచ్చి, "అతికించి నోరు మూసుకో" అన్నాడు. ఆమె రెండు పనులూ చేసింది.

బకెట్టు తీసుకుని కిందికి దిగేసరికి షెడ్డు గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పేరు స్వర్ణ. హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఈ బస్సులోనే వచ్చిందట.

"కెమెరాలో పడిన బొమ్మ కావాల పిన్నీ. ఎవుల్నడగాల?"

"ఏటైనాదమ్మా?"

స్వర్ణ కొంగు మెలిపెడుతూ నేలకేసి చూసింది. "పక్కసీటోడు దుప్పటి కింద సెయ్యేసినాడు. మీట నొక్కినాను. నొక్కతానే ఉన్నాను పిన్నీ, ఎవులూ రాలేదు. కేకలేత్తే బస్సాపినారు. ఆడు దిగి సీకట్లో పడి పారిపోనాడు. పోలీసుల కాడికెళ్తే కెమెరా బొమ్మ తెమ్మన్నారు."

"ఏ సీటు నీది?"

"పదిహేడు. కక్కేసినాను కూడా. బయ్యానికి ఆగలేదు."

సత్యవతి తన చేతులకేసి చూసుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా ఉంది. గమ్ము సీసా గుర్తొచ్చి, ఆ అమ్మాయి మొహంలోకి చూడలేకపోయింది.

ఇంతలో నారాయణమూర్తి వచ్చాడు. సంగతి విని రెండు వేలు తీసి స్వర్ణకేసి చాపాడు. "కెమెరాలు రిపేర్లో ఉన్నాయమ్మా. ఇయ్యుంచుకో. పెళ్లి కావలసిన గుంటవి, నలుగురికీ సెప్పుకుంటే పరువు నీదే పోద్ది."

స్వర్ణ ఆ నోట్లు ముట్టుకోలేదు. కదలనూ లేదు.

తనిఖీ అధికారి ఒంటిగంటన్నరకి వచ్చాడు. ముందు ఆఫీసు గదిలో నాటుకోడి కూరతో భోజనం. గంట తర్వాత పళ్లు కుట్టుకుంటూ, తేనుస్తూ బస్సెక్కాడు. చేతిలో ఫైలు. పన్నెండు బస్సుల కాగితాలూ అప్పటికే నింపి ఉన్నాయి. నిలబడి ఉన్నది మాత్రం ఒక్క బస్సు. అందులోనూ మొదటి సీటుకే, ఆ పొద్దున ఎలక్ట్రీషియను ఒక కాలింగు బెల్లు తగిలించాడు.

"నొక్కమ్మా, నవ్వుతూ" అన్నాడు అధికారి.

కొత్త చీర కట్టుకుని మొదటి సీట్లో కూర్చున్న సత్యవతి చేతులు ఒళ్లోంచి తియ్యలేదు.

"నొక్కవే!" అన్నాడు నారాయణమూర్తి.

"నొక్కను బాబూ." ఆమె లేచి నడిచి పదిహేడో సీటు దగ్గర ఆగింది. "ఇది నొక్కతాను. సూడండి సారూ." నొక్కింది. మళ్లీ నొక్కింది. ఏమీ మోగలేదు. "కింద నిలబడ్డాదే, ఆ గుంట రేత్రంతా ఇదే నొక్కినాది. ఆ కెమెరాలు ఉత్త డొల్లలు. గమ్మెట్టి అంటించింది నానే."

అధికారి ఒక్క క్షణం ఆమెకేసి చూశాడు. మొహం మీద కోపం కూడా లేదు, తిన్న తిండి బరువు తప్ప. "చిన్నచిన్న లోపాలుంటాయమ్మా, రాసుకుంటాం" అంటూ ఫైలు సీటు వీపుకి ఆనించి సంతకం పెట్టాడు. మొదటి సీటు మీట నారాయణమూర్తే నొక్కాడు. గంట మోగింది. ఫొటో తీశారు. అధికారి కారు అటు కదలగానే ఎలక్ట్రీషియను బెల్లు ఊడదీసి సంచిలో వేసుకున్నాడు.

"రేపట్నుంచి రాకు. సీర ఇప్పి ఆఫీసులో పడెయ్" అన్నాడు నారాయణమూర్తి.

సత్యవతి తన పాత చీర కట్టుకుని వచ్చింది. ఇంటికి మాత్రం పోలేదు. స్వర్ణ చెయ్యి పట్టుకుని బస్సు మెట్టు పక్కన నిలబడింది. నాలుగవుతోంది. మూటలతో, చంటిపిల్లలతో జనం ఎక్కుతున్నారు. కాంక్రీటు పనికి పోయేవాళ్లు, చదువుకోడానికి పోయే ఆడపిల్లలు.

"అమ్మా, అయ్యా, మీ సీటు కాడ ఎర్ర మీటున్నాది. ఒక్కపాలి నొక్కి సూడండి" అంది ఎక్కే ప్రతి మనిషితోనూ.

ఒక ముసలామె నొక్కింది. వెనక సీట్లో ఇంకెవరో నొక్కారు. తర్వాత బస్సంతా టక్కు టక్కుమన్న చప్పుడు. గంట మాత్రం మోగలేదు. తలలు ఒకటొకటే డ్రైవరు సీటుకేసి తిరిగాయి.

"తియ్యరా బండి!" అని కిందనుంచి అరిచాడు నారాయణమూర్తి.

డ్రైవరు గంగులు తాళం చేత్తో పట్టుకుని, సీట్లో కూర్చోకుండా అలాగే నిలబడిపోయాడు.